ఆకాశంలోని రేఖకు నేల మీద సాక్ష్యం

ఒంగోలులోని ఒక డిగ్రీ కళాశాలలో భౌతికశాస్త్ర విద్యార్థులను, అధ్యాపకులను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం. సభలో వచ్చిన ప్రశ్నలకు ఇచ్చిన సమాధానాలను చివర చేర్చడమైనది.

అధ్యక్షత వహించిన ప్రిన్సిపాల్ గారికి, భౌతికశాస్త్ర విభాగం అధ్యాపకులకు, విద్యార్థినీ విద్యార్థులకు నమస్కారం.

సోడియం దీపం ముందు స్పెక్ట్రోమీటర్ పెట్టి, గ్రేటింగ్ సరిచేసి, పక్కపక్కనే కనబడే రెండు పసుపు రేఖల కోణాలను వెర్నియర్ మీద చదివి, వాటి తరంగదైర్ఘ్యాలు 5890, 5896 ఆంగ్‌స్ట్రాములని రికార్డులో రాసుకున్నవారు మీలో చాలా మందే ఉంటారు. ఆ ప్రయోగంలో మనం పట్టించుకోకుండా దాటిపోయే సౌకర్యం ఒకటుంది. దీపంలో ఉన్నది సోడియమేనని మనకు ముందే తెలుసు. దాన్ని అక్కడ పెట్టినవాళ్లం మనమే, వెలిగించినవాళ్లం మనమే. ఆకాశం వైపు తిప్పిన టెలిస్కోపుకు ఆ సౌకర్యం లేదు. దానికి రేఖ మాత్రమే అందుతుంది. ఆ రేఖ ఏ మూలకానిది, ఆ మూలకం ఎన్ని ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న స్థితిలో ఉంది, చుట్టూ వేడి ఎంత, సాంద్రత ఎంత అన్నవన్నీ మనం బయటి నుంచి తెచ్చుకోవలసిన సమాచారం. ఆ సమాచారాన్ని నమ్మకంగా ఇవ్వగలిగేది నేల మీద, మన చేతి కింద పట్టి ఉంచిన అదే అయాను, అంటే ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న అదే పరమాణువు ఒక్కటేనన్నది నా అభిప్రాయం. ఇవాళ నేను మాట్లాడబోయేది అలా పట్టి ఉంచే పరికరాల గురించి.

ఇక్కడికి వంద కిలోమీటర్ల పైచిలుకు దూరంలో ఉన్న గుంటూరులో 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం పట్టినప్పుడు, దాన్ని చూడడానికి ఫ్రాన్సు నుంచి ఖగోళ శాస్త్రవేత్త జూల్స్ జాన్సెన్ వచ్చి ఉన్నారు. ఆ గ్రహణాన్ని స్పెక్ట్రోస్కోపుతో చూసినవారికి సూర్యుని అంచున ఎగసిన జ్వాలల్లో ప్రకాశమైన రేఖలు కనబడ్డాయి. వాటిలో పసుపు రంగుది సోడియం డి రేఖేనని, అంటే ఇందాక చెప్పిన సోడియం పసుపు రేఖేనని చాలా మంది అనుకున్నారు. అదే ఏడాది అక్టోబరులో ఇంగ్లండులో నార్మన్ లాకియర్ ఆ రేఖ సోడియం ఉండవలసిన చోట లేదని, కొంచెం పక్కకు, 5876 ఆంగ్‌స్ట్రాముల దగ్గర ఉందని తేల్చారు. అది ఎవరి రేఖో నేల మీద చూపించడానికి మాత్రం 1895లో విలియం రామ్సే ఒక యురేనియం ఖనిజం నుంచి హీలియం వాయువును బయటికి తీసేదాకా ఆగవలసి వచ్చింది. ఇరవై ఏడేళ్ల పాటు హీలియం ఆకాశంలో మాత్రమే ఉన్న మూలకం.

హీలియం కథ సులువుగా తేలిపోయిందనే చెప్పాలి. ఎందుకంటే మరుసటి ఏడాది, 1869 ఆగస్టు 7న అమెరికాలో పట్టిన గ్రహణంలో చార్లెస్ యంగ్, విలియం హార్క్‌నెస్ సూర్యుని కరోనాలో, అంటే సూర్యుని చుట్టూ ఉండే పలచని వాయువు పొరలో చూసిన ఆకుపచ్చ రేఖ డెబ్బై ఏళ్ల పైన సతాయించింది. 5303 ఆంగ్‌స్ట్రాముల దగ్గరి ఆ రేఖను కూడా కొత్త మూలకానికి అంటగట్టి, దానికి కరోనియం అని పేరు పెట్టారు. తరవాత ఆవర్తన పట్టికలో గళ్లు ఒక్కొక్కటిగా నిండుతూ వచ్చాయి, కరోనియానికి గడి మిగలలేదు. చివరికి జర్మనీలో వాల్టర్ గ్రోట్రియన్ 1939లో ఇచ్చిన ఆధారాన్ని అందుకుని, స్వీడన్‌కు చెందిన బెంట్ ఎడ్లెన్ 1940ల తొలి ఏళ్లలో అసలు సంగతి బయటపెట్టారు. అది ఇనుము. మామూలు ఇనుము కాదు, ఉన్న 26 ఎలక్ట్రాన్లలో 13 పోగొట్టుకున్న ఇనుము. ఎడ్లెన్ దాన్ని ఊహించి చెప్పలేదు. శూన్యంలో రెండు లోహపు కొనల మధ్య రగిలించిన విద్యుత్ స్ఫులింగాల వర్ణపటాల నుంచి ఇలాంటి అయాన్ల శక్తి స్థాయిలు రాబట్టి, వాటి తేడాల లెక్కతో ఆ రేఖ దగ్గరికి చేరారు. సూర్యుని ఉపరితలం ఆరు వేల డిగ్రీల దరిదాపుల్లో ఉంటే, దాని పైన ఉన్న కరోనా పది లక్షల డిగ్రీలు దాటి ఉండాలన్న విడ్డూరమైన నిజం ఆ ఒక్క గుర్తింపుతో స్థిరపడింది. ఇక్కడ విద్యార్థులకు ఒక మాట. మేఘనాథ్ సాహా 1920లో ఇచ్చిన అయనీకరణ సమీకరణం మీ సిలబస్‌లో ఉంది, దాన్ని కరోనాకు అలాగే వర్తింపజేయకండి. కరోనా మరీ పలచన, అక్కడ ఆ సమీకరణం కోరే సమతుల్యత లేదు.

2022లో జిల్లాలు మారేదాకా మన పొరుగు నెల్లూరు జిల్లాలో ఉన్న శ్రీహరికోట నుంచి 2023 సెప్టెంబరు 2న బయలుదేరిన ఆదిత్య-ఎల్1 ఉపగ్రహంలోని కరోనాగ్రాఫును, అంటే సూర్యబింబాన్ని కప్పి కరోనాను చూపే పరికరాన్ని, ఈ 5303 రేఖనే చూడడానికి తయారుచేశారు. దానితో పాటు 7892, 10747 ఆంగ్‌స్ట్రాముల దగ్గర ఉన్న మరి రెండు రేఖలను కూడా అది చూస్తుంది. ఆ రెండూ ఇనుము అయాన్లవే. గ్రహణం కోసం ఎదురుచూసే రోజులు పోయాయి. రేఖల వెనక ఉన్న అయాన్ల లెక్కలు కచ్చితంగా ఉండవలసిన అవసరం మాత్రం ఇంకా పెరిగింది.

అయితే ఆ అయానును నేల మీద తయారుచేయడంలో ఇబ్బంది ఏమిటి? స్ఫులింగంలో ఇనుము రకరకాల స్థితుల్లో ఒకేసారి పుడుతుంది. పది ఎలక్ట్రాన్లు పోయినవి, పన్నెండు పోయినవి, పదిహేను పోయినవి అన్నీ కలగాపులగంగా ఉంటాయి, వాటి రేఖలు ఒకదాని మీద ఒకటి పడతాయి. పైగా ఆ ప్లాస్మా, అంటే అయాన్లు, ఎలక్ట్రాన్లు కలిసిన ఆ వేడి వాయువు, చిక్కనిది. 5303 లాంటి రేఖను విడుదల చేసే స్థాయికి ఆయుష్షు ఎక్కువ, సుమారు 17 మిల్లీ సెకన్లు. పరమాణువుల లోకంలో అది యుగంతో సమానం. చిక్కని ప్లాస్మాలో ఆ అయాను కాంతిని విడిచే లోపలే మరో కణం వచ్చి ఢీకొని దాని శక్తిని లాగేసుకుంటుంది, రేఖ పుట్టదు. కాబట్టి మనకు కావలసింది ఒకే రకం అయాను, పలచగా, దేనికీ తగలకుండా, కొలవడానికి సరిపోయేంతసేపు ఒకచోట నిలిచి ఉండడం.

ఆవేశం ఉన్న కణాన్ని పట్టి ఉంచడమంటే విద్యుత్ క్షేత్రంతో అన్ని వైపుల నుంచీ తోసి పెట్టడమే కదా అని తోస్తుంది. అది కుదరదు. స్థిర విద్యుత్ క్షేత్రం ఒక్కదానితో ఆవేశాన్ని శూన్యంలో నిలకడగా నిలబెట్టలేమని శామ్యూల్ ఎర్న్‌షా 1842లోనే నిరూపించారు. లాప్లాస్ సమీకరణం చదివినవారికి ఇది రెండు పంక్తుల పని. మూడు దిశల్లో వక్రతల మొత్తం సున్నా కావాలి కాబట్టి, ఒక దిశలో లోయ ఉంటే మరో దిశలో గుట్ట ఉండి తీరుతుంది. మీకు తెలిసిన ఆకారంతో చెబుతాను. ఒంగోలు గిత్త వీపు మీద, మూపురానికీ తుంటికీ నడుమ ఉన్న పల్లంలో నిమ్మకాయ పెడితే అది ముందుకూ వెనక్కూ దొర్లదు గాని పక్కకు జారి పడిపోతుంది. అది జారే లోపలే ఆ వీపు గిర్రున తిరిగి, పక్క ఉండవలసిన చోటికి మూపురం వచ్చి అడ్డుపడితే, అలా తగిన వేగంతో తిరుగుతూనే ఉంటే, నిమ్మకాయ ఎటూ పడదు. గిత్త దీనికి ఒప్పుకుంటుందని నేను అనడం లేదు. జర్మనీలోని బాన్‌లో వుల్ఫ్‌గాంగ్ పాల్ 1950లలో ఇదే పనిని రేడియో పౌనఃపున్యపు వోల్టేజితో చేశారు. ఎలక్ట్రోడ్ల ధ్రువాలు సెకనుకు లక్షల సార్లు మారుతూ ఉంటే, ఏ దిశలోనూ తప్పించుకునే వ్యవధి అయానుకు దొరకదు. హాన్స్ డెమెల్ట్ రెండో దారి పట్టి, స్థిర విద్యుత్ క్షేత్రానికి బలమైన అయస్కాంత క్షేత్రాన్ని జోడించి కణాలను పట్టారు. 1989 భౌతికశాస్త్ర నోబెల్‌లో సగం వీరిద్దరికీ, మిగతా సగం నార్మన్ రామ్సేకూ వచ్చింది.

పదమూడు, పదహారు ఎలక్ట్రాన్లు ఊడగొట్టిన అయాన్లకు ఇంతకంటే మొరటు పరికరం కావాలి. అలాంటి పరికరం 1986లో కాలిఫోర్నియాలోని లారెన్స్ లివర్‌మోర్ జాతీయ ప్రయోగశాలలో మార్టన్ లెవిన్, రాస్ మార్స్ చేతుల్లో పనిచేయడం మొదలుపెట్టింది. దాని పేరు ఎలక్ట్రాన్ బీమ్ అయాన్ ట్రాప్, అంటే ఎలక్ట్రాన్ పుంజంతో అయాన్లను పట్టే ఉచ్చు, పొడి అక్షరాల్లో ఈబిట్. దీనికి తాత వరస అయిన యంత్రాన్ని అంతకు ముందే, 1960లలో, రష్యాలోని దుబ్నాలో యెవ్‌గెనీ దొనెత్స్ కట్టారు.

ఈబిట్ లోపలికి ఒకసారి పోయి చూద్దాం. ఒక కొసన వేడెక్కిన కేథోడ్ నుంచి ఎలక్ట్రాన్లు బయలుదేరుతాయి. వందా నూట యాభై మిల్లీ ఆంపియర్ల కరెంటు, అంతకంటే పెద్ద లెక్కేమీ కాదు. అవి వెళ్లే దారిలో ద్రవ హీలియంతో చల్లబరిచిన అతివాహక అయస్కాంతాల జంట ఉంటుంది. మూడు టెస్లాల ఆ క్షేత్రం ఎలక్ట్రాన్ల పుంజాన్ని నలిపి నలిపి 60, 70 మైక్రోమీటర్ల మందానికి తెస్తుంది. సరిగ్గా అక్కడే మూడు లోహపు గొట్టాలు వరసగా ఉంటాయి. పుంజం వాటి నడుమ గుండా దూసుకుపోయి అవతలి కొసన కలెక్టరులో దిగుతుంది. రెండు చివరి గొట్టాలకు నడిమి గొట్టం కంటే ఎక్కువ ధన వోల్టేజి ఇస్తారు, దానితో ధనావేశమున్న అయాన్లు ముందుకూ వెనక్కూ పోలేవు. పక్కలకు పోకుండా పట్టి ఉంచేది పుంజమే. ఎలక్ట్రాన్ల రుణావేశం అయాన్లను తన వైపు లాక్కుంటుంది. ఆ పుంజమే ఢీకొని అయాన్ల నుంచి ఒక్కొక్క ఎలక్ట్రానునూ ఊడగొడుతుంది, ఆ పుంజమే వాటిని ఉత్తేజపరచి వెలిగిస్తుంది. మూడు పనులకు ఒకటే పనిముట్టు. నాకు తెలిసిన ప్రయోగశాల పరికరాల్లో ఇంత పొదుపైన ఆలోచన మరొకటి అరుదు. నడిమి గొట్టానికి పక్కన సన్నని చీలికలు కోసి ఉంటాయి. అయాన్ల వెలుగు వాటి గుండా బయటికి వచ్చి, పలచని బెరీలియం కిటికీ దాటి, స్ఫటిక స్పెక్ట్రోమీటరు మీద పడుతుంది. వెలుగు వచ్చే ప్రదేశం పొడవు కొన్ని సెంటీమీటర్లు మాత్రమే.

ఇనుమును లోపలికి ఎలా పంపుతారని మీకు సందేహం రావచ్చు. ఐరన్ పెంటాకార్బొనిల్ అని తేలిగ్గా ఆవిరయ్యే ద్రవం ఒకటుంది. దాని ఆవిరిని సన్నని ధారగా పుంజానికి అడ్డంగా వదులుతారు. పుంజం తగిలిన అణువు ముక్కలై, అందులోని ఇనుము ట్రాప్‌లో పడుతుంది. ఇక ఎన్ని ఎలక్ట్రాన్లు ఊడగొట్టాలన్నది వోల్టేజి మీటను తిప్పే మనిషి చేతిలో ఉంటుంది. ఇనుము నుంచి పదహారో ఎలక్ట్రానును తీయడానికి 489 ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి; పదిహేడోదాన్ని తీయాలంటే ఒక్కసారిగా 1263 కావాలి, ఎందుకంటే పదహారు పోయిన తరవాత మిగిలిన పది ఎలక్ట్రాన్లు నియాన్‌లో లాగా నిండు కక్ష్యల్లో గట్టిగా కూర్చుంటాయి. పుంజపు శక్తిని ఈ రెంటి మధ్య ఎక్కడ నిలిపినా ట్రాప్‌లోని ఇనుము పదహారు దాటిపోదు. చిట్టచివరి ఎలక్ట్రాను దాకా ఊడగొట్టాలంటే 9278 ఎలక్ట్రాన్ వోల్టులు. లివర్‌మోర్‌లో తరవాత కట్టిన పెద్ద ఈబిట్‌లో యురేనియం నుంచి 92 ఎలక్ట్రాన్లనూ తీసివేయగలిగారు.

పుంజాన్ని ఆపేస్తే ఏమవుతుంది? అయాన్లు వెంటనే చెదిరిపోవు. అయస్కాంత క్షేత్రం అలాగే ఉంది, చివరి గొట్టాల వోల్టేజి అలాగే ఉంది, కాబట్టి ట్రాప్ డెమెల్ట్ పద్ధతిలో కొంతసేపు వాటిని నిలుపుతుంది. కొత్తగా ఉత్తేజపరిచేవారు లేరు గనుక వెలుగు క్రమంగా తగ్గుతుంది. ఆ తగ్గుదలను గడియారం పెట్టి కొలిస్తే స్థాయి ఆయుష్షు వస్తుంది. కరోనా ఆకుపచ్చ రేఖకు నేను ఇందాక చెప్పిన సుమారు 17 మిల్లీ సెకన్లను జర్మనీలోని హైడల్‌బర్గ్‌లో మాక్స్ ప్లాంక్ సంస్థ ఈబిట్‌లో ఇలాగే కొలిచారు. 1869లో గ్రహణపు చీకటిలో కొన్ని నిమిషాలు కనబడిన రేఖను ఇవాళ ఒక గదిలో కూర్చుని, కావలసినన్ని సార్లు వెలిగించి ఆర్పి చూస్తున్నారు.

పుంజం ఆపిన ఈ స్థితే తోకచుక్కల చిక్కును కూడా విప్పడానికి పనికొచ్చింది. 1996 మార్చిలో హయకుటాకే తోకచుక్క మన ఆకాశంలో కంటికి కనబడింది, పెద్దలకు గుర్తుండవచ్చు. అప్పుడే రోశాట్ ఉపగ్రహం ఆ తోకచుక్క నుంచి ఎక్స్-కిరణాలు వస్తున్నట్టు కనిపెట్టింది. మంచు, దుమ్ము కలిసిన చల్లని ముద్ద నుంచి ఎక్స్-కిరణాలు రావడమేమిటని అందరూ నోరు వెళ్లబెట్టారు. సౌర పవనంలో, అంటే సూర్యుని నుంచి ఎగసివచ్చే కణాల ప్రవాహంలో వచ్చే ఆక్సిజన్, కార్బన్ లాంటి అయాన్లు చాలా ఎలక్ట్రాన్లు పోగొట్టుకుని ఆకలి మీద ఉంటాయని, తోకచుక్క చుట్టూ ఉన్న వాయువుల నుంచి అవి ఎలక్ట్రాన్లను లాక్కుంటాయని, లాక్కున్న ఎలక్ట్రాను పై మెట్టు నుంచి కింది మెట్టుకు దిగుతూ ఎక్స్-కిరణం విడుస్తుందని థామస్ క్రేవెన్స్ 1997లో వివరించారు. వివరణ బాగుంది, మరి రుజువు? లివర్‌మోర్‌లో పీటర్ బైయర్స్‌డోర్ఫర్ బృందం ఈబిట్‌లో ఆ అయాన్లనే తయారుచేసి, పుంజం ఆపి, తోకచుక్కల్లో ఉండే కార్బన్ డయాక్సైడ్ లాంటి వాయువులను కొద్దిగా వదిలింది. ఢీకొట్టే ఎలక్ట్రాన్లు లేవు, అయినా ఎక్స్-కిరణాలు వచ్చాయి, వాటి వర్ణపటం తోకచుక్కల నుంచి వచ్చినదాన్ని పోలి ఉంది. ఆ ఫలితం 2003లో అచ్చయింది.

ఇప్పుడు కొంచెం నిదానంగా చెప్పవలసిన విషయానికి వస్తాను. పదహారు ఎలక్ట్రాన్లు పోయిన ఇనుము, కొన్ని పదుల లక్షల డిగ్రీల వేడి ఉన్న చోట్లన్నిటా, సూర్యుని కరోనాలో, కపెల్లా లాంటి నక్షత్రాల్లో, గెలాక్సీల్లోని వేడి వాయువులో, గట్టిగా వెలుగుతుంది. దాని వర్ణపటంలో 15.01 ఆంగ్‌స్ట్రాముల దగ్గర 3సి అనే రేఖ, 15.26 దగ్గర 3డి అనే రేఖ ఉంటాయి. ఈ రెంటి బలాల నిష్పత్తిని క్వాంటం సిద్ధాంతంతో లెక్కిస్తే సుమారు మూడున్నర వస్తుంది. ఆకాశంలో కొలిస్తే తక్కువ వచ్చేది. మొదట్లో దీనికి ఒక సర్దుబాటు చెప్పుకున్నారు: 3సి బలమైన రేఖ కాబట్టి దాని కాంతిని దారిలో ఉన్న అదే రకం అయాన్లు మింగి మరో దిక్కుకు విడిచేస్తున్నాయి, అందువల్ల మన దాకా వచ్చేది తగ్గుతోంది అని. ఆ మాట నిజమైతే ఆ తగ్గుదల నుంచి ఆ వాయువు ఎంత మందంగా ఉందో కూడా చెప్పవచ్చు, అంటే లోపాన్ని కొలబద్దగా మార్చుకున్నారన్నమాట. ట్రాప్‌లో అయాన్లు అంత పలచన. అక్కడ మింగడమంటూ ఉండదు. కాని 1998లో లివర్‌మోర్ ఈబిట్‌లో కొలిచినప్పుడు కూడా నిష్పత్తి మూడు దరిదాపుల్లోనే వచ్చింది. సర్దుబాటు చెదిరింది.

అప్పుడు తప్పు సిద్ధాంతానిదా, ఎలక్ట్రాన్లు ఢీకొనే తీరును లెక్కించడంలోదా అన్న ప్రశ్న వచ్చింది. రెంటినీ వేరు చేయడానికి హైడల్‌బర్గ్ బృందం తమ ఈబిట్‌ను మూటగట్టుకుని స్టాన్‌ఫర్డ్‌లోని ఎక్స్-కిరణ లేజరు దగ్గరికి తీసుకుపోయింది. ట్రాప్‌లోని అయాన్లను ఎలక్ట్రాన్లతో కాక నేరుగా ఎక్స్-కిరణంతో ఉత్తేజపరిచారు. ఢీకొనడాల గొడవ తప్పింది. 2012లో వెలువడిన ఆ ఫలితం 2.61, అటూ ఇటూ 0.23 తేడాతో. సిద్ధాంతానికి ఇంకా దూరం జరిగింది! లేజరు మెరుపులు మరీ తీవ్రంగా ఉండడం వల్ల అయాన్లు మామూలు పద్ధతిలో స్పందించలేదేమోనని సిద్ధాంతకర్తలు వాదించారు. అదే బృందం తరవాత హాంబర్గ్‌లోని పెట్రా-3 అనే సింక్రోట్రాన్‌కు, అంటే ఎలక్ట్రాన్లను వలయంలో తిప్పి ఎక్స్-కిరణాలు పుట్టించే యంత్రం దగ్గరికి పోయింది. అక్కడి ఎక్స్-కిరణాలు లేజరంత ఉధృతమైనవి కావు. 2020లో వచ్చిన విలువ 3.09. కొంచెం దగ్గరపడింది, అయినా కలవలేదు.

2022లో కలిసింది. ఎక్స్-కిరణాల విశ్లేషణ శక్తిని పెంచి, నేపథ్యంలోని రొదను బాగా తగ్గించి కొలిచేసరికి, అంతకు ముందు కనబడని సంగతి బయటపడింది. ప్రతి రేఖకూ శిఖరానికి రెండు పక్కలా పలచగా దూరం దాకా సాగే అంచులు ఉంటాయి. బలమైన 3సి రేఖకు ఆ అంచులు ఇంకా వెడల్పు. అంతకు ముందు కొలతల్లో ఆ అంచులు రొదలో కలిసిపోయి లెక్కలోకి రాలేదు, దానితో 3సి బలం తగ్గి కనబడింది. అంచులతో సహా కొలిచిన కొత్త నిష్పత్తి 3.51. సిద్ధాంతం మొదటి నుంచీ చెబుతున్నదదే. ప్రతి ఏటా కొత్త టెలిస్కోపుల గురించి పత్రికల్లో పేజీలు నిండుతాయి, ఇలాంటి కొలత గురించి మన దగ్గర ఒక పెట్టె వార్త కూడా రాదు. అది నాకు కొంచెం కష్టంగానే ఉంటుంది.

ఇంతదాకా లక్షల డిగ్రీల లోకం గురించి చెప్పాను. నక్షత్రాల మధ్య ఉన్న చలి లోకానికి మరో రకం ట్రాప్ ఉంది. అమెరికాలో మేరీ లియా హెగర్ 1919లో దూరపు నక్షత్రాల వర్ణపటాల్లో, నక్షత్రానికి చెందని కొన్ని వెడల్పాటి చీకటి పట్టీలు గమనించారు. దారిలో ఉన్న పలచని వాయువులో ఏదో ఆ కాంతిని మింగుతోంది. ఇప్పుడు అలాంటి పట్టీలు 500 పైన తెలుసు. అవి వేటివో దాదాపు వందేళ్ల పాటు ఒక్కదానికి కూడా గట్టి జవాబు దొరకలేదు. 1994లో బెర్నార్డ్ ఫోయిన్, పాస్కల్ ఎరెన్‌ఫ్రాయిండ్ 9577, 9632 ఆంగ్‌స్ట్రాముల దగ్గర రెండు పట్టీలు చూసి, అవి అరవై కార్బన్ పరమాణువుల బంతి ఒక ఎలక్ట్రాను పోగొట్టుకున్న అయానువి కావచ్చన్నారు. కావచ్చు, అంతే. ఆ బంతిని అంతరిక్షమంత చలిలో, ఒంటరిగా, వాయు స్థితిలో ఎవరూ కొలవలేదు.

అందుకు కావలసిన ట్రాప్‌ను డీటర్ గెర్లిష్ తయారుచేసి పెట్టి ఉన్నారు. ఒక మిల్లీమీటరు మందం గల 22 లోహపు కడ్డీలను ఒక సెంటీమీటరు వ్యాసం ఉన్న ఖాళీ చుట్టూ గుండ్రంగా నిలబెట్టి, ఒకటి విడిచి ఒకదానికి వ్యతిరేక ధ్రువంలో రేడియో వోల్టేజి ఇస్తారు. పాల్ ట్రాప్‌లో కంటే ఇందులో నడిమి భాగం ప్రశాంతంగా ఉంటుంది; అయాన్లు కడ్డీల దగ్గరికి పోయినప్పుడే క్షేత్రం వాటిని వెనక్కు తోస్తుంది, కాబట్టి అవి వేడెక్కవు. కడ్డీలను పట్టి ఉంచే భాగాలు చలిని అందించాలి, విద్యుత్తును మాత్రం ఆపాలి. ఆ పని సఫైర్ స్ఫటికం చేస్తుంది. ఒకప్పుడు రేడియో వాల్వుల లోపల ఎలక్ట్రోడ్లను నిలబెట్టినవి అభ్రకపు రేకులు, గూడూరు గనుల అభ్రకం ఓడలెక్కి పోయిన కాలమది. వాల్వులతో పాటు ఆ గిరాకీ కూడా తగ్గిపోయింది.

స్విట్జర్లాండులోని బాసెల్‌లో జాన్ మేయర్ బృందం ఈ 22 కడ్డీల ట్రాప్‌ను 6 కెల్విన్ల కంటే తక్కువకు చల్లబరిచి, అందులో కార్బన్ బంతుల అయాన్లను నింపి, హీలియం వాయువును వదిలింది. ఇక్కడి ఉపాయం చూడండి. ట్రాప్‌లో ఉన్న కొన్ని వేల అయాన్లు ఎంత కాంతిని మింగాయో నేరుగా కొలవడం అసాధ్యం. అందుకని ఆ చలిలో అయానుకు ఒక హీలియం పరమాణువును అతుక్కోనిచ్చారు. బంతి ద్రవ్యరాశి 720, హీలియంతో కలిస్తే 724. లేజరు తరంగదైర్ఘ్యాన్ని నెమ్మదిగా మారుస్తూ పోతే, అయాను మింగగలిగిన రంగు దగ్గరికి వచ్చినప్పుడు ఆ శక్తికి హీలియం ఊడిపోతుంది. ద్రవ్యరాశి వడపోత దగ్గర 724 లెక్క పడిపోతుంది. కాంతిని కొలవనక్కర లేదు, అయాన్లను లెక్కపెడితే చాలు. హీలియం అతుక్కుని ఉండడం వల్ల రేఖ ఒక ఆంగ్‌స్ట్రాము కంటే తక్కువ జరుగుతుంది; రెండు హీలియంలు అతికినప్పుడు ఎంత జరిగిందో చూసి, ఒక్కటీ లేనప్పుడు ఎక్కడ ఉండాలో రాబట్టారు. 2015లో వారు ప్రకటించిన విలువలు 9632.7, 9577.5. ఆకాశంలోని పట్టీలు సరిగ్గా అక్కడే ఉన్నాయి. 500 పైన ఉన్న పట్టీల్లో ఈ బంతికి దక్కినవి గుప్పెడు మాత్రమే, మిగతావి ఇప్పటికీ అనాథలే.

ఇక కొత్త అవసరం గురించి ఒక్క మాట. 2016లో జపాను పంపిన హితోమి అనే ఎక్స్-కిరణ ఉపగ్రహం కొద్ది వారాలకే దెబ్బతిన్నా, పోయే లోపల పెర్సియస్ గెలాక్సీ గుంపులోని వేడి వాయువు సెకనుకు సుమారు 164 కిలోమీటర్ల వేగంతో అల్లకల్లోలంగా కదులుతోందని రేఖల వెడల్పును బట్టి చెప్పగలిగింది. దాని వారసురాలు ఎక్స్‌రిజమ్ 2023 సెప్టెంబరులో పైకి వెళ్లి పనిచేస్తోంది. 6,700 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గరి ఇనుము రేఖలను 5 ఎలక్ట్రాన్ వోల్టుల తేడాతో విడదీసి చూస్తుంది. ఒక చిన్న లెక్క వేయండి. ఆ రేఖ అసలు స్థానం మన పట్టికలో ఒక్క ఎలక్ట్రాన్ వోల్టు తప్పుగా ఉంటే, 6,700లో ఒక వంతు, దాన్ని కాంతి వేగంతో గుణిస్తే సెకనుకు 45 కిలోమీటర్లు. ఆకాశంలో నిలకడగా ఉన్న వాయువు మనకు 45 కిలోమీటర్ల వేగంతో వస్తున్నట్టో పోతున్నట్టో కనబడుతుంది.

సభలో వచ్చిన ప్రశ్నలకు సమాధానాలు

మూడో సంవత్సరం విద్యార్థిని అడిగిన ప్రశ్న: 3సి విషయంలో చివరికి సిద్ధాంతమే గెలిచింది కదా, మరి ట్రాప్‌ల అవసరమేముంది, కంప్యూటరుతో లెక్కిస్తే సరిపోదా?

మంచి ప్రశ్న అమ్మా. సిద్ధాంతం సరైనదని ఇవాళ అంటున్నాం, 2012లో అనలేకపోయాం. పది ఎలక్ట్రాన్లు ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉండే అయానులో ప్రతి లెక్కా కొంత ఉజ్జాయింపే. లెక్కను ఎక్కడ ఆపితే ఫరవాలేదో చెప్పేది కొలత. పైగా ఇనుము 16+ నిండు కక్ష్యల అయాను, లెక్కకు అనుకూలమైనది. దానికే ఇంత కాలం పట్టింది. సగం నిండిన కక్ష్యలున్న అయాన్లలో వేలకొద్దీ రేఖలుంటాయి, అక్కడ వేర్వేరు లెక్కలు వేర్వేరు జవాబులు ఇస్తాయి. వాటిలో దేన్ని నమ్మాలో తేల్చడానికి ట్రాప్ తప్పదు.

ఒక అధ్యాపకుడు అడిగిన ప్రశ్న: ద్రవ హీలియం, అతివాహక అయస్కాంతాలు అంటున్నారు. ఇది పెద్ద దేశాల పెద్ద ప్రయోగశాలలకే పరిమితమా?

కొన్నేళ్ల కింది దాకా అంతేనండి. ఇప్పుడు హైడల్‌బర్గ్ బృందమే శాశ్వత అయస్కాంతాలతో చిన్న ఈబిట్‌లు కట్టింది. వాటిలో క్షేత్రం మూడు టెస్లాలు కాదు, 0.86 మాత్రమే; ద్రవ హీలియం అక్కర లేదు, గది ఉష్ణోగ్రతలో బల్ల మీద పనిచేస్తాయి. పెట్రా-3లో కొలత చేసినది అలాంటి చిన్నదే. అందులో ఎలక్ట్రాన్ గన్‌ను నడిమి గీత నుంచి పక్కకు జరిపి పెట్టారు, ఎక్స్-కిరణం ఆ గీత వెంట అడ్డు లేకుండా ట్రాప్ గుండా పోవడానికి. ఖర్చు కంటే మనకు ముందుగా ఎదురయ్యేది శూన్యం సమస్య. మీ ప్రయోగశాలలో రోటరీ పంపు గాలి పీడనాన్ని 10⁻³ టార్ దాకా తెస్తుంది. ఈబిట్‌కు 10⁻¹⁰ టార్ గాని, ఇంకా తక్కువ గాని కావాలి, లేకపోతే మిగిలిన గాలి అణువుల నుంచే అయాన్లు ఎలక్ట్రాన్లను తిరిగి లాక్కుంటాయి. టర్బో పంపు, గోడలను రోజుల తరబడి వేడి చేసి వాటికి అంటుకున్న తేమను వదిలించడం, రాగి గాస్కెట్లు బిగించడం, ఎక్కడ లీకు ఉందో హీలియంతో వెతకడం, ఇవి నేర్చుకున్న విద్యార్థులు ముందు తయారు కావాలి. కాబట్టి మీ విభాగంలో ఏమైనా మొదలుపెట్టదలిస్తే ఒక చిన్న ఉక్కు గది, ఒక టర్బో పంపు, ఒక అయనీకరణ గేజీ కొనండి. ట్రాప్ సంగతి తరవాత చూసుకోవచ్చు.